ఎక్కేముందు ఒక చుట్టు

గా నులక జెర పక్కకు పెట్టు కాకా. నేను మాట్లాడుతుంటే నువ్వు మంచం అల్లుకుంట కూసుంటే ఎట్ల? అరగంటాయె నేనొచ్చి. నీ కోడలు నీళ్ళు తెచ్చి ఇచ్చింది గానీ, మొకం అటు తిప్పుకొని ఇచ్చింది. చాయ్ తాగుతవా అని అడగలే. నాకేం చాయ్ కరువైందా, బల్లార్షా టేషన్ కాడ తాగే వచ్చిన. గానీ ఇరవై ఎనిమిదేండ్ల సంది ఈ విసాపూర్‌కు వస్తున్న, ఈ ఇంట్ల నన్ను చాయ్ అడగని దినం ఇదే.

సరే, అల్లుకో. చేతులకు పనున్నా చెవులు ఖాళీనే గదా.

నీ కొడుకు ఎల్లేష్ లేడా? జిరాక్సులకు పోయిండా? మంచిదే. వాడు లేనప్పుడే మాట్లాడాలని వచ్చిన. నీతోనే పని.

రేపు పదకొండు గంటలకు ఢిల్లీ సాబ్లు వస్తున్నరు. నా విమానం ఎందుకు పడ్డదో వాళ్ళు తేల్చి రాసుకపోతరు. ఎల్లేష్ ముంగట ఒక కాయితం పెడుతరు. సంతకం చెయ్యుమను కాకా. అంతే. ‘స్పీడు చూపెట్టే గొట్టం నేను సరిగ్గ చూడలే, తప్పు నాదే’ అని రెండు ముక్కలు. వాడు తల్లడమల్లడం అయితుండు, ఒక దినం పెడుతనంటడు, ఒక దినం గుర్తుకొస్తలేదు అన్నా అంటడు. నువ్వు చెప్తే పెడుతడు. నీ మాట జవదాటడు వాడు.

లైసెన్స్ పోతది, ఎరికే. మెకానిక్ లైసెన్స్ కోసం నాగపూర్ల ఎన్నేండ్లు కష్టపడ్డడో నాకు తెల్వదా? పోతే పోనీ కాకా. నా తాన టిప్పర్లున్నయి, వర్క్‌షాప్ ఉంది. తెల్లారి సంది వాడే ఫోర్‌మన్. తమ్ముని లెక్క చూసుకుంట. ఎన్నడన్నా మాట తప్పిన్నా?

ఏంది అట్ల చూస్తవు? చూడకు. అల్లు.

నీకెవరూ సరిగ్గ చెప్పినట్టు లేరు, నేను చెప్త ఇను. దసర పొద్దు. పన్నెండు దినాలాయె. విమానం కొన్నంక మొదటి దసర. మా మల్లవ్వక్క, అంజన్న బావ రాజురా సైడు నుంచి చుట్టాలందరిని జీపుల ఏసుకొని వచ్చిండ్రు. బండికి పూజ చేసి, బావను పక్క సీట్ల కూసోబెట్టుకొని ఒక రౌండ్ కొట్టొద్దామనుకున్న. లేచినం. పైకి పోయినంక చూస్తే స్పీడు ముల్లు సున్న మీదనే పండుకొని ఉంది. దిగేకాడ స్పీడు ఎక్కువైంది. విమానం ఉరికే పట్టీ అయిపాయె, బండి ఆగలే. తీగల కంచె తెంపుకొని పత్తి చేన్ల వడ్డం. ముంగటి చక్రం ఇరిగింది, పంకా ముక్కలైంది, బావకు చెయ్యి ఇరిగింది.

ఎడమ రెక్క కింద వేలంత గొట్టం ఉంటది కాకా. గాలి అండ్లకు పోతేనే లోపల ముల్లు లేస్తది, ఎంత స్పీడు మీద ఉన్నమో చెప్తది. ఆ గొట్టం మూసుకపోయింది గావచ్చు అంటున్నరు సాబ్లు. కందిరీగలు గూడు పెడుతయి, మన బొగ్గు దుబ్బ పోతది. గొట్టం సాఫ్ ఉంచుడు ఎవని పని? మెకానిక్ పని. నేనన్నా, ఎవరన్నా అదే అంటరు గదా.

ఊర్ల మాత్రం నన్నే నవ్వుతున్నరు. బల్లార్షాల పాన్‌ఠేలా కాడ నిలబడితే ‘పైలట్ శేఠ్ ఆలే’, శేఠ్ వచ్చిండని, పక్కకు తిరిగి నవ్వుడు. మొన్నటిదాక వాళ్ళే సెల్ఫీలు దిగిండ్రు. వాళ్ళ పిల్లల పుట్టినరోజులకు విమానం చూపెట్టుమని నా ఇంటి చుట్టు తిరిగిండ్రు.

ఎందుకు కొన్నవురా అని నువ్వు ఒక్కనాడు గూడ అడగలే. అందరూ అడిగిండ్రు. మా ఇంటామె అయితే వారం దినాలు మాట్లాడలే. ఏం చెప్పాలె నేను? మాజ్రి బొగ్గు గనిల పదకొండేండ్లు డంపర్ తోలిన. గుంతల నుంచి మీదికి, మీదికెళ్ళి గుంతలకు. ఎంత పెద్ద గుంతనో తోలేటోనికి ఎన్నడు తెల్వదు. ముంగటి బండి దుబ్బ తప్ప ఏం కానరాదు. ఒక్కపారి మీది నుంచి చూడాలె అనుకున్న. గింతే. నాగపూర్ల ఒక పెద్దమనిషి గసొంటి చిన్న విమానంల తిప్పి చూపెట్టిండు. ఇద్దరు కూసునేది. మొత్తం బరువు చూస్తే మన పాత అంబాసిడర్ కన్నా తేలిక. అది దిగినంక నాకు నిద్ర పట్టలే.

పరీక్ష మూడోపారికి పాసైన, నవ్వకు. నువ్వు నవ్వుతలేవు, నాకే నవ్వొస్తది.

ఎల్లేష్ లేకుంటే అది గూడ కాకపోయేది. ఇంగ్లీష్ కార్డు ఒకటి ఉంటది కాకా, ఎక్కేముందు ఏమేం చూడాలెనో వరుసగ రాసి. నేను కూడబలుక్కొని చదివేసరికి పొద్దుగుంకుతది. వాడు ఏం చేసిండో ఎరికేనా? వాడు చదివింది మరాఠీ బడి. తెలుగు మాట్లాడుడే గానీ ఒక్క అక్షరం రాయరాదు. నా కోసం నీ తాన కూసొని నేర్చుకున్నడంట గదా. వంకర టింకర అక్షరాలతోని అదంత తెలుగుల రాసి, ప్లాస్టిక్ కవర్ల పెట్టి ఇచ్చిండు. ఇగో, ఇప్పటికీ నా జేబులనే ఉంది. మొదటి ముక్క ఏం రాసిండో చూడు. ‘అన్నా, ఒక చుట్టు తిరుగు.’

అందుకే అంటున్న, వానికి నేనేం పగోన్నా? వాని మంచికే చెప్తున్న. సంతకం పెడితే కేసు ఖతమైతది, లేకుంటే ఏడాది దాక తిప్పుతరు. సాబ్లు నన్ను గూడ అడిగిండ్రు. పైలట్ చుట్టు తిరిగి చూసుకోవాలె గదా అని. చూసిన అన్న. రాసి గూడ ఇచ్చిన.

ఏమంటివి?

ఇప్పుడేదో అన్నవు. నులక నోట్ల పట్టుకొని అన్నవు, సరిగ్గ ఇనరాలే. మళ్ళ అను.

తిరిగినవా అంటున్నవా.

అరగంట సంది నోరిప్పలే, ఇప్పిందే ఒక్క ముక్క, ఆ ముక్కనే అడగాల్నా కాకా నువ్వు? సాబ్లు అడిగితే దబ్బున చెప్పిన. కాయితం మీద రాయుమంటే రాసిన. టీవీ పిల్లగాడు మైకు పెడితే వానికి గూడ చెప్పిన. నువ్వు అడిగితే నాలుక లేస్తలేదు.

ఎందుకు లేస్తలేదో నీకు ఎరికే.

గనిల మన బాపయ్య యాదికున్నడా? ఎండకాలం. నేను డంపర్ మీదికి వచ్చి రెండు నెలలు గూడ కాలే. అన్నం తిని వచ్చి, పాటలు పాడుకుంట నిచ్చెన ఎక్కుతున్న. ఎనుకకెళ్ళి నువ్వు కాలు పట్టి గుంజినవు. కింద వడ్డ. లేచి ఏంది కాకా అనేలోపల చెంప మీద ఒక్కటి పెట్టినవు. నా జన్మల మా అయ్య గూడ గంత గట్టిగ కొట్టలే. మెడ పట్టి ఎనుక చక్రం కాడికి తీసుకపోయినవు. అక్కడ బాపయ్య పండుకున్నడు. నీడకు. మొకం మీద తువ్వాల కప్పుకొని, చక్రానికి తల ఆనిచ్చి గుర్రు కొడుతున్నడు. పొక్లెయినర్ చప్పుడుకు వాని గుర్రు గూడ ఇనరాదు.

నువ్వు వేలు పెట్టి చూపెట్టినవు, అంతే. అప్పుడు అన్నవు, ‘ఎక్కేముందు ఒక చుట్టు తిరగాలెరా. బండి నీదే కావచ్చు, నీడ అందరిది.’

ఆ దినం సంది ఏ బండి అయినా చుట్టు తిరగకుండ ఎక్కలే కాకా. టిప్పర్లు కొన్నప్పుడు తిరిగిన. కారు కొన్నప్పుడు తిరిగిన. మా ఇంటామె నవ్వేది, గుడి చుట్టు తిరిగినట్టు తిరుగుతవేంది అని. నా డ్రైవర్లకు గూడ నేర్పిన. తిరగనోన్ని పనిల నుంచి తీసేసిన.

ఇరవై ఎనిమిదేండ్లల్ల ఒక్క దినం తిరగలే.

ఇగ దాపెట్టి ఏం ఫాయిదా. ఇను. మొదటి సంది చెప్త. మధ్యల ఏమనకు. ఎట్లైన అనవు అనుకో.

ఆ దసర పొద్దుగాల ఎల్లేష్ ఏడు గంటలకే వచ్చి బండి మొత్తం చూసిండు. ఆ గొట్టానికి ఒక మూత ఉంటది. గుడ్డ సంచి, చిన్నది, కందిరీగలు దూరకుండ. దానికి మూరెడు ఎర్ర పట్టీ వేలాడుతది. ఎందుకంటే, ఎగిరేముందు అది కండ్లవడాలె, తియ్యాలె. ఎల్లేష్ ఆ మూత తీసిండు. గొట్టం చూసిండు. మూత తీసుకపోయి షెడ్డుల మొలకు తగిలేసిండు. అంత సరిగ్గనే చేసిండు. నేను నా కండ్లతోని చూసిన.

చుట్టాలొచ్చిండ్రు. మంచినీళ్ళ క్యాన్లు తక్కువైనయి. నేనే వాన్ని పంపిన, పోయి క్యాన్లు పట్టుకరాపో అని. లైసెన్స్ ఉన్న మెకానిక్‌ను నీళ్ళకు పంపిన. వాడు పోయేముందు ఒక్క మాట చెప్పిండు, ‘అన్నా, పూజల పసుపు నీళ్ళు చల్లుతరు, గొట్టంలకు పోవద్దు, జెర చూడు’ అని.

చూసిన. షెడ్డులకు పోయి, మొలకున్న మూత తెచ్చి, నా చేతులతోనే గొట్టానికి తొడిగిన.

ఇన్నవా? నా చేతులతోని.

పూజ మంచిగనే అయింది. డంపర్‌కు ఎట్ల చేస్తమో గట్లనే చేసినం. నిమ్మకాయలు, కొబ్బరికాయ, పసుపు నీళ్ళు. మల్లవ్వక్క ఎర్రగుడ్డ చింపి పీలికలు చేసి బండి మొత్తం కట్టింది. రెక్కలకు, తోకకు, తలుపులకు. మన గనుల మట్టి తవ్వే షావెల్‌కు కట్టినట్టు. షావెల్‌కు ఏం గాదు కాకా, దానికి గసొంటివి వంద కట్టినా ఏం గాదు.

ఎల్లేష్ నీళ్ళు తీసుకొని వచ్చి చూసి మొకం మాడ్చుకున్నడు. ‘అన్నా, ఇవన్నీ తియ్యాలె, ఒక్కటి గూడ ఉండొద్దు’ అన్నడు. అక్క ఒప్పుకోలే. అమ్మవారి గుడ్డ పొద్దుగూకేదాక ఇప్పొద్దంట, ఇప్పితే అరిష్టమంట. చుట్టాల ముంగట అక్క ఏడుపు మొకం పెట్టింది. నేను పెద్దమనిషి తీర్పు చెప్పిన. అన్నీ తీసేద్దాం, అక్క తృప్తికి ఒక్కటి ఉండనీ అన్న. ఆ ఒక్కటి ఎక్కడ ఉంచిన్నో ఎరికేనా? ఎడమ రెక్క కింద. రెక్కను ఆపే ఊచకు. ఆ గొట్టం పక్కన్నే.

ఒక ఎర్ర పీలిక అమ్మవారిది. దాని పక్కన ఎర్ర పట్టీ మూతది. దూరం కెళ్ళి చూస్తే రెండూ ఒక్కటే.

మూత ఉన్నదని వానికి ఎట్ల తెలుస్తది? పొద్దుగాల వాడే తీసిండాయె. వానికి ఆ ఎరుపంత అక్క కట్టిన గుడ్డనే. నాకు తెలుసు. నాకు ఒక్కనికే తెలుసు. నేను మర్చిపోయిన.

అయినా వాడు ఇడిసిపెట్టలే. ‘అన్నా, నేను ఒక చుట్టు తిరుగుత’ అన్నడు. అందరి ముంగట అన్నడు. అంజన్న బావ అప్పటికే సీట్ల కూసొని నవ్వబట్టె, ‘ఏంది బామ్మర్దీ, నీ బండి ఎక్కనీకి వాని పర్మిషన్ కావాల్నా’ అని. జేబుల నీ కొడుకు రాసిచ్చిన కార్డు ఉంది. అది తీసి పట్టుకొని బడి పిల్లగాని లెక్క చుట్టు తిరుగుడు, ఒక్కొక్కటి చదువుకుంట తిరుగుడు, నాకు షరం అనిపించింది. నిజం చెప్తున్న. చుట్టాలు ఫోన్లు పట్టుకొని వీడియోలు తీస్తున్నరు.

‘నేను తిరిగిన. నాకు తెల్వదారా? ముంగట కెళ్ళి జరుగు’ అన్న.

వాడు జరిగిండు.

అబద్ధం కాకా. తిరగలే. ఒక్క అడుగు ఎయ్యలే. తిరిగితే ఎంతసేపు అది? నీ కోడలు చాయ్ పెట్టేంత సేపు గూడ గాదు.

లేచేకాడ గూడ ముల్లు చూడాలె. పట్టీ మీద ఉరుకుతుండంగనే ముల్లు లేస్తుందా లేదా చూడాలె, లేవకుంటే అక్కడనే ఆపాలె. అది మొదటి దినం నేర్పుతరు. నేను కిటికీల కెళ్ళి అక్కకు చెయ్యి ఊపుతున్న.

మీదికి పోయినంక చూసిన. సున్న. గిలాసు మీద వేలుతోని కొట్టిన. సున్నే. కింద మట్టి గుట్టలు, అగో ఊర్జానగర్ చిమ్నీలు, ఇగో వర్ధా నది, అన్నీ కనవడుతున్నయి. ఒక్కపారి మీది నుంచి చూడాలనుకున్న గదా. ఏం చూడలే. స్పీడు తెల్వకుండ దిగుడంటే ఏందో నీకు చెప్తే సమజ్ కాదు. జెర తక్కువైతే రాయి వడ్డట్టు వడుతది. ఎక్కువైతే నేల ఒప్పుకోదు. బావ పాపం నవ్వుకుంట వీడియో తీస్తుండు. వానికి చెప్పలే.

రేడియోల చెప్పిన ఎల్లేష్‌కు. ముల్లు సచ్చిందిరా అన్న. ఏడ్చిన గావచ్చు.

వాడు ఏమన్నడో ఎరికేనా? ‘అన్నా, ముల్లును చూడకు. అది లేదనుకో. ఇంజన్ చప్పుడు ఇను. రోజు దిగేటప్పుడు ఎట్ల మోగుతదో గట్లనే మోగాలె. నీకు చప్పుడు తెలుసన్నా, నువ్వు మా బాపు తాన నేర్చుకున్నోనివి.’ గట్ల మాట్లాడుకుంటనే ఉన్నడు. తిప్పు అన్నకాడ తిప్పిన. తగ్గించు అంటే తగ్గించిన. నువ్వు చప్పుడు మీద బండి తోలుడు నేర్పితివి, నీ కొడుకు ఆ చప్పుడు మీదనే నన్ను కిందికి దించిండు. ఆఖరుకు ఇంకా జెర తగ్గించు అన్నా, ఇంకా జెర అంటుండు. నాకు ధైర్యం సాలలే. పడిపోతమేమో అని చెయ్యి బిగుసుకపాయె. అందుకే పట్టీ దాటిపోయినం. అది గూడ వాని తప్పు గాదు.

పత్తి చేన్ల ఆగినం. ఆ చేన్ల దినాం పదిమంది ఏరుతరు కాకా. ఆడోళ్ళు. దసర అని ఆ ఒక్క దినం రాలే. వచ్చి ఉంటే వాళ్ళు గూడ నీడకు కూసొని ఉందురు గదా, అదే గట్టు కాడ. దినాం అదే యాదికొస్తది నాకు. అన్నం ముద్ద నోట్ల పెట్టుకుంటే యాదికొస్తది.

బావ చెయ్యి పట్టుకొని మొత్తుకుంటుండు. నేను దిగిన. దిగి రెక్క కిందికి చూసిన.

రెండు పీలికలు వేలాడుతున్నయి.

అప్పుడు తెలిసింది. ఎల్లేష్ ఉరికొస్తుండు పట్టీ మీద, ఇంకా మస్తు దూరం ఉన్నడు. నాకు ఎంత టైం ఉందో గంత టైంల, బావ దిక్కు పోవాల్సింది పోయి, ముందుగాల గా మూత గుంజి జేబుల పెట్టుకున్న. చెయ్యి ఇరిగిన మనిషి పక్కనున్నడు కాకా. వాన్ని దించలే. మూత దాసిన.

వాడు వచ్చి నన్ను గట్టిగ పట్టుకున్నడు. ‘అన్నా నీకేం గాలే గదా, ఏం గాలే గదా’ అని వాడు ఏడుస్తుండు. వాని ఎనుక చుట్టాలందరు వస్తున్నరు. వాళ్ళు దగ్గరికి వచ్చిందాక ఆగి, వాన్ని అవుతలకు నూకి, ‘ఏం చూసినవురా నువ్వు? ముల్లు ఎందుకు లేవలే?’ అని ఒర్లిన. అందరికి ఇనవడాలె అని ఒర్లిన.

నా పానం కాపాడి అయిదు నిమిషాలు గాలే.

వాడు పోయి గొట్టం చూసిండు. మూత లేదు. ఊది చూసిండు. సాఫ్ ఉంది. షెడ్డులకు ఉరికి మొల మీద చూసిండు. అక్కడా లేదు. అప్పటి సంది వాని మనసుల అదే తిరుగుతుంది. మూత తీసిన్నా, తియ్యలేదా, తీస్తే ఏడ పెట్టిన. నన్నే అడుగుతడు. ‘అన్నా, నేను తీసుడు నువ్వు చూసినవా?’ అని. నిన్న గూడ ఫోన్ చేసి అడిగిండు.

చూడలేదురా అన్న.

అందుకే వాడు అన్నం తింటలేడు. సాబ్లకు భయపడి గాదు. ఇద్దరిని సంపుతుంటి అనుకుంటుండు వాడు. తన చేతుల మీద నమ్మకం పోయింది వానికి. రేపు సంతకం పెడితే లైసెన్స్ ఒక్కటే గాదు, ఇగ జన్మల స్పానర్ పట్టుకోడు. గది ఎరికే నాకు. ఎరికుండే, ఫోర్‌మన్ చేస్తనని నీ తానికి వచ్చిన. ఇప్పుడు, ఈ మధ్యాహ్నం, చెప్పులు ఇడిసి నీ అర్రలకు వచ్చినప్పుడు గూడ అదే మాట మీద వచ్చిన. నీతోని వానికి చెప్పించి సంతకం పెట్టిద్దామని. నిజం చెప్పనీకి రాలే కాకా, మంచోన్ని అనుకోకు. నువ్వు ఆ ఒక్క ముక్క అడగకపోతే లేచి పోతుంటి.

నీ కోడలు కోమల ఇంటుందా? తలుపు ఎనుక ఉన్నట్టుంది. ఇననీ. ఇనాలె గూడ.

ఏం చెయ్యాలె ఇప్పుడు? తిట్టు. చెంప మీద ఇంకొకటి పెట్టు, అప్పటి చెంప మీదనే పెట్టు. పెట్టవా? నీ చేతులు గూడ ముసలివైనయి.

రేపు సాబ్లకు నేనే చెప్త అందామనుకున్న. నోటి దాక వచ్చింది గా మాట. గానీ చెప్పను కాకా. నా సంగతి నాకు ఎరికే. రాత్రి పండుకుంటే పొద్దుగాలకు మనసు తిరుగుతది. పొద్దుగాల ఇస్త్రీ అంగి తొడుక్కుంట, కార్ల కూసుంట, ఎవరో ఒకరు నమస్తే శేఠ్ అంటరు. అయిపాయె. మళ్ళ అదే అబద్ధం చెప్త. పన్నెండు దినాల సంది దినాం గట్లనే అయితుంది. మొన్న రెండుపార్లు మీ గల్లీ మలుపు దాక వచ్చి తిరిగిపోయిన. నిన్న గా మూతను పొయ్యిల ఎయ్యబోయిన. మంచితనం అడ్డమొచ్చి ఆగలే, మా ఇంటామె వంటింట్లకు వచ్చింది, అందుకు ఆగిన.

ఇగో.

చూడు. గింతే ఉంటది. పట్టీ జెర చినిగింది, గుంజేకాడ చినిగింది. మీద పసుపు నీళ్ళ మరకలు ఇంకా ఉన్నయి చూడు. పూజ అయ్యేకాడ ఇది గొట్టానికి ఉన్నదని ఎవరన్నా చెప్పొచ్చు దీన్ని చూస్తే. ఎల్లేష్ చూసిండంటే వానికి ఒక్క నిమిషంల సమజ్ అయితది. పొద్దుగాల తీసింది వాడు, పసుపు అంటింది తర్వాత.

ఇది నీ తాన పెట్టుకో కాకా. ఆ నులక చుట్ట కింద పెట్టు. వాడు జిరాక్సులు తీసుకొని ఇంటికి రాంగనే వాని చేతికియ్యి. ముందుగాల అన్నం పెట్టి ఇయ్యి. లేదంటే ముందుగాల ఇదే ఇయ్యి, అప్పుడన్నా తింటడు. రేపు సాబ్ల ముంగట వాడే పెట్టనీ.

ఇంకొక్క మాట, ఇది గట్టిగ యాది పెట్టుకో. వాడు ఇంకా రాకముందే నేను మళ్ళ వస్త. మలుపు దాక పోయి మనసు మార్చుకొని వస్త, నాకు తెలుసు. కాళ్ళు మొక్కుత. ఏడుస్త. ‘కాకా, మా ఇంటామె మొకం చూసి ఇయ్యి, ఇజ్జత్ పోతది ఇయ్యి’ అంట. పాత సంగతులన్నీ తీస్త. నువ్వు చెయ్యి పట్టి డంపర్ నేర్పినోన్నే అంట.

ఇయ్యకు.

నేను అడిగినా ఇయ్యకు.